మధ్యలో దించని బరువు

చాంగ్‌సిన్ కొండ మీదికి వసంతం వచ్చిందని తెలియడానికి పంచాంగం అక్కర్లేదు. ఎదురుగా పాత కోటగోడ కింద గెనారి పొదలు ఆకు కంటే ముందే పువ్వు తొడిగి, గోడ పొడుగునా పసుపు ఆరబోసినట్టు కనిపిస్తే చాలు, జనం డాబాలెక్కుతారు. చలికాలమంతా గదుల్లో ముడుచుకు కూర్చున్న సియోల్ ఊరు ఒళ్లు విరుచుకుని ఆకాశం వైపు చూస్తుంది. నీళ్ల ట్యాంకుల పక్కన బల్లలు పడతాయి, దీపాల తీగలు వేలాడతాయి, అట్ల పెనాలు చుయ్యిమంటాయి. పడమటి ఎడారుల నుంచి పసుపు దుమ్ము కొట్టిన రోజున మాత్రం అందరూ తిట్టుకుంటూ దిగిపోతారు. మర్నాడు బల్లలు తుడుచుకుని మళ్లీ ఎక్కుతారు.

ఇప్పుడు మా కొండ మీద డాబా బార్లకు కొదవ లేదు. కొన్నింటికి అద్దాల గోడలు, లిఫ్టులు, పేరు పలకాలంటే నోరు తిరగని పానీయాలు. వాటినేమీ అనను, కుర్రకారు సరదా కుర్రకారుది. కానీ మా వీధి పాతవాళ్లను "డాబాకి పోదామా?" అని అడిగితే వాళ్ల కాళ్లు వెళ్లేది ఒక్కచోటికే. కింద గుండీల కొట్టు, దాని మీద అంతస్తు తర్వాత అంతస్తు కుట్టుపని గదులు, అన్నిటికీ పైన బాంగ్ దల్సూ డాబా. ఆ మేడకు లిఫ్టు లేదు. మెట్లు ఎంత ఇరుకంటే, ఎదురుపడిన ఇద్దరిలో ఒకరు గోడకు బల్లిలా అతుక్కోవాల్సిందే.

పచ్చరంగు పూసిన నేల, కాళ్లు ముడుచుకుని కూర్చునే వెడల్పాటి చెక్క అరుగులు, రేకు పందిరి, ఓ మూల చెక్కపెట్టెల్లో పెంచిన మాచిపత్రి మడి. సొట్టలు పడ్డ కెటిల్‌లో చల్లటి మక్కొల్లి, అంటే తెల్లటి బియ్యపు కల్లు. లేత మాచిపత్రి అట్లు, ఉల్లికాడల అట్లు, వసంతంలో తప్ప దొరకని చెట్టుమొగ్గలు, ముంచుకోవడానికి ఎర్రటి మిరపముద్ద. అంతే సరుకు. అయినా సాయంత్రం కుట్టుమిషన్లు ఆగాక ఆ అరుగుల మీద చోటు దొరకడం కష్టం.

అక్కడున్న ప్రతి వస్తువూ దల్సూ వీపు మీదే పైకి వచ్చింది. అరుగుల చెక్కలు, పందిరి రేకులు, మడిలో మట్టి, చివరికి ఫ్రిజ్ కూడా. ఫ్రిజ్ తెచ్చినవాళ్లు ఆ మెట్లు చూసి "మావల్ల కాదు తాతా" అని వీధిలో వదిలేసి పోతే, దల్సూ దాన్ని వీపుకు కట్టుకుని గోడకు గీత కూడా పడకుండా పైకి చేర్చాడు. ఆ కథ చెప్పకుండా ఆయన కొత్తవాళ్లకు మొదటి గిన్నె పొయ్యడు. పాతవాళ్లు కూడా ఆ కథ మళ్లీ వినాల్సిందే. విననట్టు కనిపిస్తే అట్టు మాడిపోతుంది.

దల్సూ ఉత్తరాది కొండల మనిషి. తండ్రి కట్టెలు మోసేవాడు. కొడుక్కి ఆస్తి కింద ఇచ్చింది ఒక జిగే. రెండు కొమ్మల కర్రల్ని నిచ్చెనలా బిగించి, భుజాలకు గడ్డితాడు పట్టీలు వేసిన వీపు చట్రం అది. దానికి తోడు ఒక ఊతకర్ర. పడుచుతనంలో ఆ రెండూ పట్టుకుని సియోల్ వచ్చి, దోంగ్‌దెమున్ గుడ్డల బజారులో థాన్లు మొయ్యడానికి కుదిరాడు. నడుం కంటే ముందు ఊతకర్ర లేవాలి, కర్ర కంటే ముందు గొంతు లేవాలి. "బరువొస్తోంది! దారి! దారి!" అని ఒక్క కేక వేస్తే బజారు రెండుగా చీలేది. దల్సూ కేక వింటే బేరమాడుతున్న ఆడవాళ్లు కూడా మాట మధ్యలో ఆపి గోడవారగా జరిగేవాళ్లట. ఇది దల్సూ చెప్పిన మాట కాదు. పడుచుతనం నుంచి ఆయనతో పోటీ పడి మోసిన, ఆయన్ని మెచ్చుకోవాలంటే ప్రాణం మీదికొచ్చినట్టుండే తోటి కూలీ కుబాంగ్ చెప్పిన మాట. కాబట్టి నమ్మొచ్చు.

ఆ బజారు కూలీలకు ఒక కట్టుబాటు ఉండేది. మోత మధ్యలో నేలకు దించకూడదు. అలిసిపోతే కర్ర ఆనించి నిలబడి ఊపిరి తీసుకోవచ్చు, గోడకు చేరబడవచ్చు. కానీ నేలకు దించావో, ఆ మోత ఇక నీది కాదు, ఎవడెత్తితే వాడిది. కూలి పోవడం ఒక ఎత్తు, "దించినోడు" అనే పేరు రావడం ఒక ఎత్తు. ఆ పేరు పడ్డవాడు బజారు మార్చుకోవాల్సిందే. దల్సూ జుట్టు నెరిసేదాకా మోశాడు, ఒక్కసారి కూడా దించలేదు. మోసేవాడికే తెలుసు కావడి బరువు అంటారు గానీ, దల్సూ బరువు సంగతి ఎవరికీ తెలియనిచ్చేవాడు కాదు.

దల్సూ యాంగిమ్‌ను తొలిసారి చూసింది కూడా బజారు మెట్ల మీదే. ఆమె దక్షిణాన సముద్రపు ఒడ్డు మనిషి. నోరు పెద్దది, వంటచెయ్యి అంతకంటే పెద్దది. అప్పట్లో బజారు కొట్లకు భోజనాలు మోసేది. నెత్తిన చుట్టకుదురు, దాని మీద పళ్లెం, పళ్లెంలో పొగలు కక్కే పులుసు గిన్నెలు, వాటి మీద మరో పళ్లెం, దాని మీద మరొకటి. చెయ్యి వెయ్యకుండా, మెడ కదపకుండా, జనంలోంచి పడవలా సాగిపోయేది. ఓ రోజు దల్సూ వీపు నిండా థాన్లతో ఎక్కుతుంటే ఆమె పైనుంచి దిగుతోంది. మెట్ల మధ్యలో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"దారివ్వు," అంది యాంగిమ్.

"ఎక్కేవాడికే దారి. బజారు రివాజు తెలీదా?"

"రివాజు నీ దగ్గరే ఉంచుకో. నీ గుడ్డలు చల్లారవు. నా పులుసు చల్లారిపోద్ది."

 వెనక మూటలతో మరో నలుగురు కూలీలు ఆగిపోయి తిట్లు లంకించుకున్నారు. అందులో కుబాంగ్ ఒకడు. దల్సూ ఆమె వైపు చూశాడు. అంత బరువు కింద ఆ మెడ వెదురులా నిటారుగా ఉంది. అప్పుడు ఆయన తన జన్మలో చెయ్యని పని చేశాడు. వీపున మోతతో, వెనక్కి, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగి దారిచ్చాడు. ఆమె థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. మర్నాటి నుంచి దల్సూ మధ్యాహ్నం తిండి ఆ పులుసే. మరుసటి వసంతానికి పెళ్లయింది.

ఇద్దరూ మోసి మోసి ఒక కూతుర్ని చదివించి పెళ్లి చేశారు. ఆ పెళ్లి రోజున యాంగిమ్‌కు తల దువ్వడానికి వచ్చిన అమ్మాయి దువ్వెన పట్టుకుని ఆగిపోయింది. నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర జుట్టు లేదు. చుట్టకుదురు తిన్నచోట వెంట్రుక మళ్లీ మొలవలేదు. యాంగిమ్ ఏళ్ల తరబడి తలగుడ్డతో దాన్ని దాచింది, మొగుడికి కూడా తెలియనివ్వలేదు. దల్సూ తలుపు సందులోంచి చూశాడు. పెళ్లిలో ఆయన ఏడిస్తే అందరూ కూతురి కోసమనుకున్నారు.

ఆ ఏడే డాబా అద్దెకు తీసుకున్నారు. మొదటి రోజు ఖాళీ డాబా మీద నిలబడి దల్సూ ఒట్టు పెట్టుకున్నాడు. "ఇక నీ నెత్తి మీద గాలి తప్ప ఏదీ ఉండకూడదు. మొయ్యడం నా పని. నువ్వు మహారాణిలా పెనం దగ్గర నిలబడు." యాంగిమ్ నవ్వేసి ఊరుకుంది, కొన్నాళ్లకు మానేస్తాడులే అనుకుంది. దల్సూ మానలేదు. ఏళ్లు గడిచినా ఆమె చేతికి ఒక ముల్లంగి దుంప కూడా మొయ్యడానికి ఇవ్వలేదు. ఆమె కింద కొట్టు నుంచి ఉప్పు పొట్లం తెస్తుంటే కూడా మెట్ల మీద ఎదురెళ్లి లాక్కునేవాడు. వీధివాళ్లంతా "ఎంత అదృష్టం వదినా నీది" అనేవాళ్లు. యాంగిమ్ మాత్రం ఓసారి రెండో అంతస్తు కుట్టుపని హ్యాంగ్‌సుక్‌తో అంది, "అదృష్టమే. కానీ నెత్తిన ఏమీ లేకపోతే ఈ మెడని ఏం చేసుకోవాలో తెలీడంలేదే పిల్లా." హ్యాంగ్‌సుక్ దాన్ని హాస్యమనుకుంది.

పోయిన చలికాలంలో దల్సూ మోకాలు మొరాయించింది. మంచు మీద జారలేదు, దెబ్బ తగల్లేదు, ఊరికే ఓ ఉదయం మంచం దిగబోతే వంగనంది. డాక్టరు ఎక్స్‌రేలు చూసి, "ఇక మోతలు మర్చిపోండి" అన్నాడు. దల్సూ ఆయన్ని మర్చిపోయాడు. యాంగిమ్ మర్చిపోలేదు. వీధి మొదట్లో నూడుల్స్ కొట్టులో పాతవాళ్లంతా కూర్చున్నప్పుడు విషయం పైకి తీసింది.

"ఈ ఏడాది మోత నేను చూసుకుంటా. నా మెడ ఇంకా పనిచేస్తది."

దల్సూ చెంచా బల్ల మీద పెట్టాడు. "నీ నెత్తిన ఇంకోసారి చుట్టకుదురు పడిందంటే నేను బతికుండి దండగ."

"సరే, కూలివాణ్ని పెట్టు."

"నా మెట్ల మీద పరాయివాడి వీపా?"

"అయితే ఏం చేద్దామంటావయ్యా? కల్లు కెటిళ్లు పిట్టలు మోసుకొస్తాయా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో వాదించి ఎవరు గెలిచారు? దల్సూ లేచి నిలబడి, నూడుల్స్ కొట్టు అంతా వినేలా అన్నాడు. "గెనారి పూసిన రోజున తొలి మోత నేనే పైకి చేరుస్తా. చేర్చానో, డాబా తెరుచుకుంటది. మధ్యలో దించానో, తాళం వేసి ఆ చెవి ఇంటాయనకిచ్చేస్తా. మళ్లీ ఎవరూ డాబా మాటెత్తొద్దు."

"అందరూ విన్నారుగా," అన్నాడు కుబాంగ్ గిన్నె నాకుతూ.

యాంగిమ్ కోటు వేసుకుని బయటికి నడిచింది. ఆమె మాట్లాడకపోవడం అందరూ అదే మొదటిసారి చూడటం.

గెనారి పూసింది. ఏటా తొలిరోజు డాబా మీద పూజ జరుగుతుంది. ఉడికించిన పంది తల, ఎర్రపప్పు చల్లిన బియ్యప్పిండి దిబ్బరొట్టె, తెల్లదారం చుట్టిన ఎండుచేప, కల్లు. పంది తల నవ్వుతూ ఉండాలి. మూతి ముడుచుకున్న తల పెడితే ఏడాదంతా వ్యాపారం మూతి ముడుచుకుంటుందని నమ్మకం. ఆ తలను ఎంచడంలో యాంగిమ్‌ను మించినవాళ్లు లేరు. ఆ ఉదయం మాంసం కొట్టులో వరసగా పెట్టిన తలలన్నీ చూసి, "ఇది నవ్వడం లేదు, పళ్లు నొప్పి పుట్టినట్టుంది," అని ఒకదాన్ని, "దీని నవ్వు అప్పు ఎగ్గొట్టినోడి నవ్వు," అని ఇంకోదాన్ని తోసేసింది. చివరికి మనసారా నవ్వే తల దొరికాక ఇంటికి తెచ్చి ఉడికించి, కింద గుండీల కొట్టులో పెట్టి, తను పైకెళ్లి డాబా కడిగి పెనం వెలిగించింది. మొగుడి వైపు చూడలేదు.

మధ్యాహ్నం ఎండ మెత్తబడ్డాక దల్సూ జిగే ఎత్తాడు. అడుగున కల్లు సీసాల పెట్టెలు, వాటి మీద దిబ్బరొట్టె, అన్నిటికీ పైన ఇత్తడి పళ్లెంలో పంది తల. అది వెనక్కి తిరిగి, వెనక వచ్చేవాళ్లను చూసి నవ్వుతోంది. తొలి మోతను దాటి ఎవరూ పైకెళ్లకూడదన్నది ఆ డాబా ఆనవాయితీ. అందుకని హ్యాంగ్‌సుక్, ఆమె వెంట కుట్టుగదుల ఆడవాళ్లు, వాళ్ల వెనక కుబాంగ్, ఇంకా వెనక వీధిలోకి వరసకట్టిన పాతవాళ్లూ కొత్తవాళ్లూ, అందరూ ఆయన అడుగుల వెంటే ఎక్కుతున్నారు.

"బరువొస్తోంది! దారి! దారి!" అని దల్సూ కేక మేడంతా మోగింది. ఎదురు రావడానికి పైన ఒక్క మనిషే ఉంది. అయినా అరిచాడు. మొదటి అంతస్తు దాటాడు. రెండోది దాటాడు. కేక కొంచెం తగ్గింది. చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి కేక ఆగిపోయింది. కాళ్లు కూడా ఆగిపోయాయి. మోకాలు గొళ్లెం పడ్డ తలుపులా బిగుసుకుంది. దల్సూ ఊతకర్ర ఆనించి, భుజం గోడకు చేర్చి నిలబడిపోయాడు.

"ఏంటన్నయ్యా, ఆగారు?" అంది హ్యాంగ్‌సుక్ కిందినుంచి.

"గాలి పీలుస్తున్నానమ్మా. ఈ కిటికీలోంచి మంచి గాలొస్తది."

ఆ మలుపులో కిటికీ లేదు.  ఆయన మెడ వెనక నుంచి చెమట ధారగా కారుతోంది. పంది తల మాత్రం హ్యాంగ్‌సుక్‌ను చూసి హాయిగా నవ్వుతోంది.

"ఒరేయ్ దల్సూ!" అని కుబాంగ్ కిందినుంచి కేకేశాడు. "దించుతున్నావేంట్రా? దించావంటే అది నాదేరోయ్!"

ఎవరూ నవ్వలేదు. కుబాంగ్‌కు కూడా తన మాట తనకే నచ్చినట్టు లేదు, జనాన్ని తోసుకుంటూ పైకి రావడం మొదలుపెట్టాడు. దల్సూ ఇంకో అడుగు వెయ్యబోయాడు. మోకాలు కదల్లేదు. వెనక్కి దిగాలన్నా కుదరదు. దించితే మాత్రం ఒక్క క్షణంలో సుఖం. ఒక్క క్షణంలో డాబా కూడా పోతుంది, ఇన్నేళ్ల పేరూ పోతుంది, పైన ఎదురు చూసే ఆవిడకు ఇచ్చిన మాటా పోతుంది. ఆయన కళ్లు మూసుకుని పళ్లు బిగించాడు. 

పైన చెప్పుల చప్పుడైంది. కేక వినపడకపోయేసరికి యాంగిమ్ దిగి వచ్చింది. చేతులకు పిండి, తలకు గుడ్డ. పై మెట్టు మీద ఆగి మొగుణ్ని చూసింది. కింద మోతతో ఆయన, పైన ఆమె, మధ్యలో ఇరుకు మెట్లు. పాతవాళ్లలో ఒకరిద్దరికి ఆ బజారు మెట్లు గుర్తొచ్చే ఉంటాయి.

"దించు," అంది మెల్లగా.

"దించను."

"కాలు విరిగిపోద్ది."

"విరగనీ."

"నేను తీసుకుంటా. ఇటివ్వు."

"నీ నెత్తికా? చచ్చినా ఇవ్వను. ఒట్టు పెట్టా."

యాంగిమ్ మరో మెట్టు దిగింది. ఆమె గొంతు ఈసారి బజారు గొంతే. "ఒట్టా? నా నెత్తి మీద ఒట్టు పెట్టేటప్పుడు నన్నడిగావా? నువ్వు మోస్తే పరువు, నేను మోస్తే కష్టమా? ఆ పులుసు గిన్నెలు నేనేమైనా ఏడుస్తా మోశాననుకున్నావా? బజారు బజారంతా నా మెడ చూసి దారిచ్చేది. ఆఖరికి నువ్వు కూడా ఇచ్చావు. అది నా గొప్పయ్యా! ఇన్నేళ్ల నుంచీ దాన్ని తాళం వేసి పెట్టావు."

 దల్సూ కళ్లు తెరిచాడు. తను ఆమెకు ఇచ్చాననుకున్నది ఆమె దగ్గర్నుంచి తీసుకున్నదని ఆ మనిషికి ఏనాడూ తట్టలేదు. నెత్తిన జుట్టు పోయిన చోటు చూశాడు గానీ, దాని కింద నిటారుగా నిలబడ్డ మెడను చూడటం ఎప్పుడో మానేశాడు. ఆ మెడ చూసే కదా వెనక్కి దిగింది!

"ఆ రోజు ఎందుకు దిగావు వెనక్కి?" అంది యాంగిమ్.

"పులుసు చల్లారిపోద్దని," అన్నాడు దల్సూ గొణుగుతూ.

"ఇప్పుడు పంది తల చల్లారిపోతోంది."

ముందు నవ్వింది హ్యాంగ్‌సుక్. ఆ తర్వాత మెట్లన్నీ నవ్వాయి. దల్సూ కూడా నవ్వబోయి, నవ్వలేక, మెడ చుట్టూ ఉన్న తువ్వాలు లాగాడు. ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చేత్తో, పళ్లతో ఆ తువ్వాలును మెలిపెట్టి గుండ్రంగా చుట్టాడు. "తల వంచు," అన్నాడు. యాంగిమ్ తలగుడ్డ విప్పి, వంగింది. ఆ జుట్టు లేని చోట, అందరూ చూస్తుండగా, ఆయన స్వయంగా చుట్టకుదురు పెట్టాడు. అటూ ఇటూ జరిపి సరిచేశాడు. ఆమె లేచి నిలబడి, రెండు చేతులతో ఇత్తడి పళ్లెం అందుకుని నెత్తిన పెట్టుకుంది. అంతే, చేతులు వదిలేసింది.

కింద కుబాంగ్ అప్పటికే జిగే అడుగున భుజం పెట్టి ఆనుకున్నాడు. "పట్టుకోండర్రా! తలో సీసా తీసుకోండి! ఒక్కటి కూడా నేల తగలకూడదు!" హ్యాంగ్‌సుక్ దిబ్బరొట్టె అందుకుంది. కుట్టుగదుల ఆడవాళ్లు పెట్టెల్లోంచి సీసాలు లాగి వెనక్కి అందించారు. చేతులు చేతులు మారి వీధి దాకా అందరి చేతుల్లోకీ కల్లు చేరింది. దల్సూ వీపు మీద ఖాళీ చట్రం, ఖాళీ పెట్టెలు మిగిలాయి.

"దించినట్టేనా?" అని ఎవరో వెనకనుంచి అడిగారు.

"నేల తగిలితే కదా దించినట్టు!" అని కుబాంగ్ కసిరాడు. "ఇది దించడం కాదు, చేతులు మారడం. బజారు రివాజు నాకు నేర్పిస్తావా? వీడు దించలేదు. నేనే సాక్షి." దల్సూ గురించి ఆయన ఎదురుగా కుబాంగ్ చెప్పిన మొదటి మంచిమాట అదేనేమో. చెప్పేసి సిగ్గుపడి ముక్కు చీదుకున్నాడు.

బరువు పోయాక మోకాలు మెల్లగా దారికొచ్చింది. దల్సూ కర్ర మీద ఆనుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కాడు. ముందు యాంగిమ్ నడుస్తోంది. పంది తల ఇప్పుడు ఆమె నెత్తి మీద నుంచి ఆయన్ని చూసి నవ్వుతోంది.

పూజ బాగా జరిగింది. అందరూ వంగి దండాలు పెట్టారు, పంది నోట్లో డబ్బు నోట్లు కుక్కారు, డాబా నాలుగు మూలలా కల్లు చిలకరించారు. ఎండుచేపను తలుపు మీద కట్టారు. పెనం మీద మాచిపత్రి అట్లు పొంగాయి. పక్క మేడ మీది అద్దాల బార్‌లోంచి సంగీతం వినిపిస్తోంది. దానికి మా ఆడవాళ్లు గిన్నెలు తడుతూ తాళం వేస్తున్నారు. పొద్దు వాలి కోటగోడ మీది పసుపు అంతా ఎరుపు తిరుగుతోంది.

దల్సూ అలవాటుగా పందిరి కింద సర్దబోయాడు. హ్యాంగ్‌సుక్ చెయ్యి పట్టుకుని తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. "కూర్చోండన్నయ్యా. ఈ డాబా మీద మీరు కూర్చోవడం ఒక్కసారైనా చూశామా?" రెండు చేతులతో గిన్నె నింపి ఇచ్చింది. దల్సూ తాగాడు. చల్లగా, పుల్లగా, కొంచెం తియ్యగా ఉంది. ఇన్నేళ్లూ పోసిన కల్లు ఇంత బాగుంటుందని తెలియదు. మోసేవాడి చూపు ఎప్పుడూ కాళ్ల ముందే ఉంటుంది. ఆయన తల ఎత్తాడు. కొండ పొడుగునా డాబాలు, డాబాల మీద మనుషులు, దూరంగా వరసలుగా కొండలు, మీదుగా ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన చెర్రీ రేకలు.

"ఒరేయ్ కుబాంగ్, ఇదంతా రోజూ ఇక్కడే ఉండేదా?"

"లేదురా, నీ కోసం ఇప్పుడే తెప్పించాం."

ఇంతలో కల్లు అయిపోయింది. ఆ రోజు వచ్చినంత జనం ఏ ఏడాదీ రాలేదు. దల్సూ లేవబోయేసరికి యాంగిమ్ కళ్లతోనే కూర్చోబెట్టి, పెద్ద పళ్లేలూ, ఖాళీ కెటిళ్లూ, ఆ తువ్వాలూ తీసుకుని కింద కొట్టులో ఉంచిన కల్లు కోసం దిగిపోయింది. దల్సూ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. చేతిలో గిన్నె అలాగే ఉంది.

కొంతసేపటికి తలుపులో ముందు కెటిళ్లు కనిపించాయి. పళ్లెం నిండా కెటిళ్లు, దాని మీద పళ్లెం, మళ్లీ కెటిళ్లు. తర్వాత ఆ మెడ కనిపించింది. యాంగిమ్ చేతులు వదిలేసి, వాలే ఎండకు ఎదురుగా, తొణక్కుండా నడిచి వస్తోంది. పక్క డాబా మీది కుర్రవాళ్లు గ్లాసులు పక్కన పెట్టి పిట్టగోడ దగ్గరికి వచ్చేశారు.

"బాబాయ్, ఎవరావిడ?" అని అక్కణ్నుంచి ఒకమ్మాయి అరిచింది.

"నా భార్య!" అన్నాడు దల్సూ. ఫ్రిజ్ కథ చెప్పేటప్పుడు కూడా ఆయన ఛాతీ అంత పొంగలేదు.

ముందు అరుగుల దగ్గర జనం అడ్డంగా నిలబడి ఉన్నారు. యాంగిమ్ ఆగింది. తల తిప్పలేదు, తిప్పదు కూడా.

"ఏందయ్యా, చూస్తా కూర్చున్నావు? నోరు కూడా మోకాలితో పాటే పోయిందా?"

దల్సూ కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఊపిరి నిండా పీల్చుకుని, కొండంతా వినేలా కేక వేశాడు.

"దారి! దారి! బరువొస్తోంది!"